చలి పొద్దున పాత కారు స్టార్ట్ కాకపోతే: జబ్బు ఎక్కడుందో ఒక్కొక్కటిగా పట్టుకోవడం

ఆదిలాబాద్‌లో డిసెంబర్ రెండో వారం వచ్చిందంటే మా వీధిలో పొద్దున ఆరున్నరకి ఒకటే చప్పుడు. ఎవరో ఒకరు పాత కారుకి సెల్ఫ్ కొడుతుంటారు. గుర్ర్... గుర్ర్... ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ. నాలుగోసారికి బ్యాటరీ కూడా చేతులెత్తేస్తుంది. ఆ తర్వాత పక్కింటి కుర్రాళ్లని లేపి నెట్టించుకోవడమే.

నాది 1997 మోడల్ మారుతి 800. కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న బండి, చేత్తో లాగే చోక్. దీనితో చాలా చలికాలాలు గడిచాయి కాబట్టి ఇందులో రాసేది ఎక్కువగా ఆ బండి గురించే. చివర్లో ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే) బండ్లకీ డీజిల్‌కీ తేడా ఎక్కడొస్తుందో చెప్తాను.

"చలికి అంతే సార్, ఎండెక్కితే అదే స్టార్టవుతుంది" అంటారు మెకానిక్‌లు. అవుతుంది కూడా. అందుకే ఎవరూ అసలు జబ్బు వెతకరు. కానీ ఇవే బండ్లు సిమ్లాలో, శ్రీనగర్‌లో మంచు కురిసే రోజుల్లో కూడా తిరిగాయి. మన కోహీర్‌లోనో ఆదిలాబాద్‌లోనో పది డిగ్రీల లోపు, బాగా పడితే ఐదారు. లంబసింగిలో ఒక్కోసారి సున్నా దాకా. ఇంజిన్ లెక్కలో ఇదేం పెద్ద చలి కాదు. ఎనిమిది డిగ్రీలకే బండి మొరాయిస్తోందంటే లోపల ఏదో ముందే బలహీనపడి ఉంది. మన దగ్గర చలికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది మంచు, అంటే తేమ. ఈ రెండూ గుర్తుంటే వెతకడం సగం సులువవుతుంది.

ముందుగా: ఏం దగ్గర పెట్టుకోవాలి

ఒక మల్టీమీటర్, మామూలుది చాలు. ప్లగ్ పానా, 10 నంబర్ పానా, సన్న ఎమ్రీ పేపర్, పొడి గుడ్డ, టార్చ్. తాళం తిప్పడానికి ఇంకో మనిషి. బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి ఉండాలి. మెడలో మఫ్లర్ ఉంటే తీసి పక్కన పెట్టండి, బెల్టులో పడితే ప్రాణం మీదికొస్తుంది. షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ నడపొద్దు, ఎంత చలిగా ఉన్నా సరే. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు.

ఇంకో మాట. పరీక్ష అంతా రాత్రంతా బయట నిలబడ్డ బండి మీద, పొద్దున మొదటి స్టార్ట్ ముందే జరగాలి. ఒక్కసారి ఇంజిన్ వేడెక్కిందా, ఆ రోజుకి ఆధారాలన్నీ పోయినట్టే.

మొదటి మెట్టు: చప్పుడు వినండి

"స్టార్ట్ కావట్లేదు" అన్నది నాలుగు వేరు వేరు జబ్బులకి ఒకే పేరు. తాళం తిప్పినప్పుడు ఏం వినిపించిందో దాన్నిబట్టి దారి మారుతుంది.

తాళం తిప్పితే అసలు చప్పుడు లేకపోయినా, ఒక్క "టిక్" మని ఆగినా, సెల్ఫ్ బద్ధకంగా ఈడ్చుకుంటూ తిరిగినా అది కరెంటు సంగతి. బ్యాటరీ, వైర్లు, సెల్ఫ్ మోటారు. రెండో, మూడో మెట్టులో దొరుకుతుంది. సెల్ఫ్ ఎప్పట్లాగే చురుగ్గా తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవట్లేదంటే నిప్పురవ్వ లేదా పెట్రోలు. నాలుగో, ఐదో మెట్టు. అందుకుని రెండు నిమిషాల్లో ఆగిపోతుంటే అది చోక్‌కీ గాలికీ సంబంధించిన గొడవ, ఆరోది చూడండి.

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. చప్పుడు వినకుండానే ప్లగ్గులు మార్చేస్తారు, లేదంటే కార్బొరేటర్ విప్పి పెట్రోల్లో కడుగుతారు. బాగున్న కార్బొరేటర్‌ని విప్పి పాడు చేసిన షెడ్లు నాకు తెలుసు.

సెల్ఫ్‌ని ఎప్పుడూ ఐదారు సెకన్లకి మించి ఒకే పట్టున కొట్టొద్దు. మధ్యలో అర నిమిషం ఆగండి. క్లచ్ పూర్తిగా తొక్కి కొట్టండి, గేర్‌బాక్స్‌లో చిక్కబడిన ఆయిల్‌ని తిప్పే భారం తగ్గుతుంది.

రెండో మెట్టు: బ్యాటరీ

మన ఊళ్లలో బ్యాటరీ మే నెల ఎండలో పాడవుతుంది, చనిపోయేది డిసెంబర్‌లో. ఎండ వేడికి లోపలి పలకలు తినేసుకుంటాయి, నీళ్లు ఆవిరైపోతాయి. వేసవిలో ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఆ బలహీనత కనబడదు. చలికి ఒకపక్క బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది, ఇంకోపక్క ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి ఎక్కువ కరెంటు కావాలి. రెండూ ఒకేసారి మీద పడేసరికి ఓడిపోతుంది.

పొద్దున ఏ లైటూ వేయకముందే మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి బ్యాటరీ మీద కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగం. 12 కిందికి వచ్చిందంటే ముందు ఛార్జింగ్ పెట్టి మాట్లాడాలి.

కానీ ఈ ఒక్క కొలతని నమ్మొద్దు. పాడైన బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు 12.5 చూపించి మోసం చేస్తుంది. అసలు పరీక్ష బరువు మోసేటప్పుడే. మీటర్ అలాగే పట్టుకుని, రెండో మనిషిని సెల్ఫ్ కొట్టమనండి. అంకె 10 పైన ఆగితే ఫరవాలేదు. 9.6 కిందికి జారితే, అదీ నిండా ఛార్జ్ చేశాక కూడా జారితే, బ్యాటరీకి కాలం చెల్లినట్టే. మూతలు తీసే రకమైతే ఒక్కో సెల్‌లో హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టం) పెట్టి చూడండి. ఐదు సెల్స్ 1.250 పైన ఉండి ఒక్కటి 1.150 దగ్గర ఉంటే ఆ ఒక్కటే మొత్తాన్ని ముంచుతోంది. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, బోరు నీళ్లు వద్దు.

బండి స్టార్ట్ అయ్యాక మళ్లీ బ్యాటరీ మీదే కొలవండి. 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. 13 దాటట్లేదంటే డైనమో సరిగ్గా నింపట్లేదు, లేదా బెల్టు జారుతోంది. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నెలకే మళ్లీ ఇదే కథ.

జంపర్ వైర్లతో పక్క బండి నుంచి కరెంటు తీసుకోవాలంటే వరుస తప్పొద్దు: ఎర్ర వైరు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత బాగున్నదాని ప్లస్‌కి. నల్ల వైరు ముందు బాగున్నదాని మైనస్‌కి, చివరి కొస మీ ఇంజిన్ మీద రంగులేని ఇనుప భాగానికి. చివరి కొసని బ్యాటరీ మైనస్ మీదే పెడితే అక్కడ లేచే రవ్వకి బ్యాటరీ నుంచి వచ్చే గ్యాస్ అంటుకోవచ్చు.

మూడో మెట్టు: ఎర్త్ వైరు, నా వేల రూపాయల పాఠం

ఒక డిసెంబర్‌లో నా బండి సెల్ఫ్ ఈడవడం మొదలుపెట్టింది. బ్యాటరీ షాపతను చూసి, "ఇది అయిపోయింది సార్" అన్నాడు. కొత్త 35 ఏహెచ్ బ్యాటరీ వేయించాను. రెండు వారాలు బాగానే ఉంది. తర్వాత చలి పెరిగిన ఒక పొద్దున మళ్లీ అదే గుర్ర్... గుర్ర్.

మా బావమరిది పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ చదివాడు. పండక్కి వచ్చినవాడు టీ గ్లాసు బోనెట్ మీద పెట్టి, "బావా, మీటరుందా?" అన్నాడు. ఎర్ర పుల్లని ఇంజిన్ బ్లాక్ మీద, నల్ల పుల్లని బ్యాటరీ మైనస్ సీసపు మొన మీద పెట్టాడు. క్లాంప్ మీద కాదు, మొన మీదే. "ఇప్పుడు సెల్ఫ్ కొట్టు" అన్నాడు. మీటర్ 1.3 వోల్టులు చూపించింది.

ఆ కొలతకి అర్థం ఇది. బ్యాటరీ మైనస్‌ని ఇంజిన్‌కి కలిపే ఎర్త్ వైరు బాగుంటే రెండు కొసల మధ్య తేడా దాదాపు ఉండకూడదు, ఎర్త్ వైపు 0.2 వోల్టులు దాటకూడదు. నాకు 1.3 వచ్చిందంటే సెల్ఫ్‌కి చేరాల్సిన వోల్టేజీలో అంత భాగం దారిలోనే వేడిగా కాలిపోతోంది. వైరు పైకి నల్లగా నిగనిగలాడుతోంది. గేర్‌బాక్స్ దగ్గర బోల్టు విప్పి, లగ్గు (వైరు కొసన బోల్టు పట్టే లోహపు ముక్క) పక్కన రబ్బరు తొడుగుని బ్లేడుతో చీరితే లోపల రాగి తీగలు లేవు, పచ్చటి పొడి ఉంది. నాలుగైదు పోగులు మాత్రం మిగిలాయి. కొత్త ఎర్త్ వైరుకి అయిన ఖర్చు ఆ పూట టిఫిన్లకన్నా తక్కువ. పాత బ్యాటరీని అప్పటికే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను.

ప్లస్ వైపు కూడా ఇలాగే: బ్యాటరీ ప్లస్ మొన మీద ఒక పుల్ల, సెల్ఫ్ మోటారు లావు వైరు బోల్టు మీద రెండోది, సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు దాటితే వైరో, టెర్మినలో, సాలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్) లోపలి కాంటాక్టులో పాడైనట్టు.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూసిన ఉప్పుని వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు మైనస్ చివర. క్లాంప్ లోపలి గుండ్రాన్ని ఎమ్రీతో మెరిసేదాకా గీకి, బిగించాక పైన వాజలిన్ రాయండి. బిగించకముందు కాదు.

ఈ కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా "టిక్" మని ఆగుతుంటే, హెడ్‌లైట్ వేసి సెల్ఫ్ కొట్టండి. లైటు మసకబారకుండా అలాగే వెలుగుతోందంటే కరెంటు మోటారులోకి వెళ్లట్లేదు, సాలినాయిడ్‌నీ, మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లనీ చూడాలి. లైటు బాగా డిమ్ అయితే మోటారు కరెంటు లాగుతోంది కానీ తిరగలేకపోతోంది. మోటారు బుష్‌లు అరిగి ఉండొచ్చు.

అన్నీ బాగున్నా సెల్ఫ్ బరువుగానే తిరుగుతుంటే ఆయిల్ సంగతి. పాత ఇంజిన్ పొగ కొడుతోందని కొందరు మరీ చిక్కటి ఆయిల్ పోయిస్తారు. డబ్బా మీద 20డబ్ల్యూ-50 అని ఉంటే ఆ డబ్ల్యూ చలికాలానికి గుర్తు, దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. కారు బుక్కులో కంపెనీ చెప్పిన గ్రేడ్‌కే తిరిగి రండి.

నాలుగో మెట్టు: నిప్పురవ్వ

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు. ఇప్పుడు వెనక్కి వెళ్లి సైలెన్సర్ దగ్గర వాసన చూడండి. పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంటే పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వ రావట్లేదు. వాసనే లేకపోతే ఐదో మెట్టుకి వెళ్లండి.

మంచు పడ్డ పొద్దున నేను మొదట చూసేది డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే భాగం) క్యాప్. రెండు క్లిప్పులు విప్పి లోపల టార్చ్ వేస్తే సన్నటి తేమ చెమటలా కనిపిస్తుంది. కరెంటు ప్లగ్గుకి పోకుండా ఆ తేమ మీదుగా పక్కదారి పడుతుంది. పొడి గుడ్డతో తుడిచి, కాసేపు ఎండ తగలనిచ్చి పెడితే బండి ఒక్క దెబ్బకి అందుకుంటుంది. "ఎండెక్కితే అదే స్టార్టవుతుంది" అనే మాట వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. తుడవడంతో వదిలేయకండి. క్యాప్ లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీతలు ఉన్నాయేమో చూడండి. అవి కరెంటు కాల్చుకుంటూ పోయిన దారులు, గీకినా పోవు, క్యాప్ మార్చాల్సిందే. మధ్యలో కార్బన్ మొన స్ప్రింగ్ మీద ఆడుతోందా, రోటర్ కొస తినేసి ఉందా అన్నదీ అప్పుడే చూసేయొచ్చు.

ప్లగ్ వైర్లకి ఇంకా తేలిక పరీక్ష ఉంది. చీకటి ఉండగానే, బోనెట్ ఎత్తి, లైట్లన్నీ ఆర్పి సెల్ఫ్ కొట్టించండి. పగిలిన వైరైతే నీలం రవ్వలు బయటికే చిటపటలాడుతూ కనబడతాయి. అప్పుడు వైర్లని చేత్తో ముట్టుకోకండి, కొట్టే షాకు గట్టిగానే ఉంటుంది.

ప్లగ్గు విప్పే ముందు గుర్తుంచుకోండి, ఒక్కో వైరు మాత్రమే తీసి మళ్లీ అక్కడే పెట్టాలి. మూడు సిలిండర్ల 800లో ఫైరింగ్ వరుస 1-3-2. రెండు వైర్లు తారుమారైతే ఇక కొత్త తలనొప్పి. విప్పిన ప్లగ్గుకి వైరు తగిలించి, దాని ఇనుప ఒంటిని జంపర్ వైరుతో ఇంజిన్‌కి గట్టిగా కలిపి, ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టి సెల్ఫ్ కొట్టించండి. చుట్టుపక్కల పెట్రోలు కారి ఉంటే ఈ పరీక్ష చేయొద్దు. రవ్వ నీలంగా, టపటపమని గట్టిగా రావాలి. పసుపుగా, సన్నగా వస్తే బలం లేదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండిలో వైరుని దేనికీ కలపకుండా గాల్లో వదిలి సెల్ఫ్ కొట్టొద్దు, మాడ్యూల్ కాలిపోతుంది.

ప్లగ్గు ముఖం చూస్తే కూడా విషయం తెలుస్తుంది. మసిలా పొడి నలుపు అంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. జిడ్డు నలుపు అంటే ఆయిల్ పైకి వస్తోంది. లేత గోధుమ రంగు ఉంటే ప్లగ్గుది తప్పు కాదు. గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, కొలిచేది ఫీలర్ గేజ్‌తో. అరిగి పెరిగిన గ్యాప్‌ని దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, చలి పొద్దున బ్యాటరీ కుంగినప్పుడు అదే దొరకదు. మరీ పాత బండ్లలో సీబీ పాయింట్లు (రవ్వ పుట్టడానికి కరెంటుని కలిపి తెంచే కాంటాక్టులు) ఉంటే అవి కూడా మాడి గుంటలు పడ్డాయేమో చూసుకోవాలి.

ఐదో మెట్టు: చోక్, పెట్రోలు

చలిలో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచడమే చోక్ పని. నాబ్ పూర్తిగా లాగామని మనం అనుకుంటాం. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఇంకొకరిని నాబ్ లాగమని చూడండి. కార్బొరేటర్ నోట్లో రేకు పూర్తిగా మూసుకోవాలి. చాలా బండ్లలో కేబుల్ సాగిపోయి ముప్పావు దగ్గరే ఆగుతుంది, ఆ పావు ఖాళీతో వేసవంతా నడిచిపోతుంది. కేబుల్ బిగించే చిన్న స్క్రూ వదులు చేసి, సరిచేసి బిగించడం ఐదు నిమిషాల పని.

అక్కడే ఉండి యాక్సిలరేటర్ లింకుని ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు చేత్తో గట్టిగా లాగండి. లోపల సన్నటి పిచికారీలా పెట్రోలు చిమ్మాలి. చిమ్మకపోతే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు లేదు, లేదా యాక్సిలరేటర్ పంప్ డయాఫ్రమ్ పోయింది. నాలుగైదు రోజులు తీయని బండిలో గిన్నె ఎండిపోవడం మామూలే. మెకానికల్ పెట్రోల్ పంపు కాబట్టి అది నిండేదాకా సెల్ఫ్ నాలుగైదు దఫాలు కొట్టాలి. ఒక్క రాత్రికే ఎండిపోతుంటే పంపు వాల్వు పోయిందో, పైపు లీకవుతోందో వెతకాలి.

ఈ మధ్య వచ్చిన కొత్త చిక్కు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలుకన్నా ఎక్కువ వేడి కావాలి. దానిలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మామూలు పెట్రోలుకి కట్టిన జెట్‌తో (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మిశ్రమం కొంచెం పలచబడుతుంది. అంటే పాత కార్బొరేటర్ బండికి చలిలో ఇదివరకటికన్నా చోక్ ఎక్కువ సేపు కావాలి. పైగా తేమని పీల్చుకుంటుంది. నెలలు నిలబెట్టిన బండి ట్యాంకులో నీళ్లు అడుగున చేరొచ్చు. పాత రబ్బరు పైపులు మెత్తబడి జిగటగా అయ్యాయేమో గోటితో నొక్కి చూడండి.

కొట్టీ కొట్టీ ప్లగ్గులు తడిసిపోయాయా? చోక్ లోపలికి నెట్టేసి, యాక్సిలరేటర్ నేలకి ఆనేదాకా తొక్కి పట్టి, కదపకుండా ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ఊరికే తొక్కుతూ వదులుతూ ఉంటే ఇంకా పెట్రోలు పోసినట్టే. అయినా కాకపోతే ప్లగ్గులు విప్పి తుడిచి ఆరబెట్టాలి.

ఆరో మెట్టు: అందుకుని ఆగిపోతుంటే

చోక్ తోసేయగానే ఆగిపోతోందంటే ఎక్కడో అదనంగా గాలి పీలుస్తోంది, లేదా స్లో జెట్ (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చేది) మూసుకుపోయింది. వాక్యూమ్ పైపుల కొసలు పగిలాయేమో ముందు చూడండి, జెట్ సంగతి తర్వాత.

పది, పన్నెండు కిలోమీటర్లు పోయినా చోక్ కావాలంటోందా? ఇంజిన్ వేడి చూపే సూది సగం కూడా లేవట్లేదా? అయితే మీ బండిలో థర్మోస్టాట్ వాల్వ్ ఉందో లేదో అడగండి. వేసవిలో ఇంజిన్ వేడెక్కుతోందని తీసుకెళ్తే, "ఇదెందుకు సార్ మన ఎండలకి" అని తీసి పారేసే అలవాటు మన షెడ్లలో ఉంది. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌కి పోతాయి, ఇంజిన్ వేడెక్కదు. పొద్దున మొండితనం, మైలేజీ పడిపోవడం, ఆయిల్ త్వరగా పాడవడం అన్నీ దాని వెనకే వస్తాయి. కొత్తది కొని పెట్టించండి.

ఎంపీఎఫ్ఐ అయితే

2000 ప్రాంతం నుంచి వచ్చిన 800ల్లో చోక్ నాబ్ ఉండదు, ఆ పని కంప్యూటర్ చేస్తుంది. దానికి చలి సంగతి చెప్పేది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. అది పాడై "ఇంజిన్ వేడిగానే ఉంది" అని అబద్ధం చెప్తే పెట్రోలు సరిపోదు. కనెక్టర్ తీసి, చల్లటి ఇంజిన్ మీద సెన్సర్ కాళ్ల మధ్య ఓమ్‌లలో కొలవండి. 20 డిగ్రీల దగ్గర చాలా బండ్లలో 2 నుంచి 3 కిలో ఓమ్‌లు వస్తుంది, చలి పెరిగేకొద్దీ ఇంకా పెరగాలి. కొన్ని వందల ఓమ్‌లే చూపిస్తే సెన్సర్ మార్చండి. తాళం ఆన్ చేయగానే వెనక ట్యాంకు దగ్గర రెండు సెకన్లు "జుయ్" మని వినబడాలి. వినబడకపోతే ఫ్యూజు, రిలే, పంపు, ఆ వరుసలో.

డీజిల్ అయితే

పాత ఇండికాలాంటి బండ్లకి పొద్దున ప్రాణం హీటర్ ప్లగ్గులే. సెల్ఫ్ బాగా తిరుగుతూ, సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తూ, అందుకోకపోతే డీజిల్ లోపలికి వెళ్తోంది కానీ మండట్లేదు. ఒక్కో హీటర్ ప్లగ్ మీద వైరు తీసి ఓమ్‌లు కొలవండి. ఒక ఓమ్ అటూ ఇటూ వస్తే బాగుంది. మీటర్ ఏమీ చూపించకపోతే కాలిపోయింది. నాలుగింటిలో ఒకటి పోతే మొదట వణుకుతూ అందుకుంటుంది, రెండు పోతే చలిలో కష్టం. నాలుగూ బాగుంటే వాటికి 12 వోల్టులు చేరుతున్నాయా అని రిలే దగ్గర చూడాలి.

తెల్లపొగ కూడా లేకపోతే రాత్రి పైపులోకి గాలి పట్టి డీజిల్ ట్యాంకుకి జారిపోయి ఉండొచ్చు. రాత్రి బండి ముక్కు పల్లంలోకి ఉండేలా పెట్టి చూడండి. అప్పుడు స్టార్టయి, ముక్కు ఎత్తులో పెడితే కాకపోతే గాలి లీకు ఖాయం. మన చలికి డీజిల్ గడ్డకట్టదనే చెప్పాలి. చలికాలంలో అమ్మే డీజిల్‌కి ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత 6 డిగ్రీలు దాటకూడదని నిబంధన, వేసవి డీజిల్‌కి అది 18 దాకా ఉండొచ్చు. అందుకే మే నెలలో క్యాన్లలో నింపి దాచిన డీజిల్‌ని జనవరిలో లంబసింగి ఘాట్ ఎక్కే బండిలో పోయొద్దు. ట్యాంకు కింద మంట పెట్టి కరిగించే పని అసలే వద్దు.

షెడ్డుకి ఇవ్వాల్సి వస్తే

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే మిగిలేది కంప్రెషన్ (సిలిండర్ లోపల గాలిని నొక్కే ఒత్తిడి), టప్పెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు). మూడు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. ఒకటి బాగా తక్కువ వస్తే ఆ ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

బండిని పొద్దున నడుపుకుంటూ తీసుకెళ్లి ఇవ్వకండి. అప్పటికే వేడెక్కి ఉంటుంది, మేస్త్రీకి ఏ తప్పూ కనబడదు. ముందురోజు సాయంత్రమే వదిలి, "రాత్రి బయటే ఉంచు అన్నా, పొద్దున నేనొచ్చేదాకా తాళం ముట్టుకోకు" అని చెప్పి రండి. పొద్దున ఏడింటికల్లా మీరు వెళ్లండి. మొదటి సెల్ఫ్ మీ ముందే కొట్టాలి, మీటరు మీ చేతిలో ఉండాలి.